పోకర్ కంపెనీకి నేను పంపిన నోటీసు

2025 సెప్టెంబరు. సిద్దిపేట కోర్టుకు ఎదురు వరసలో, జిరాక్సు దుకాణం మీది గదిలో నా ఆఫీసు. ఫోన్లో పేకాట ఆడించే ఒక పోకర్ కంపెనీని ఒక్క లీగల్ నోటీసుతో గడగడలాడించిన వకీలు ఈ జిల్లాలో ఎవరైనా ఉన్నారంటే అది నేనొక్కణ్ణే. నోటీసు ముట్టిందో లేదో, ఢిల్లీ పక్క నుంచి వాళ్ళ లాయర్లు ఫోన్ చేశారు. "సార్, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. నేను కుర్చీలో వెనక్కి వాలి, "చెప్పాల్సిందంతా నోటీసులో ఉంది, చదువుకోండి" అని పెట్టేశాను.

బార్ అసోసియేషన్ గదిలో చాయ్ తాగుతూ ఈ కథను చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా ఫోన్ చేసిన లాయర్లు ఒకరు పెరిగేవారు. కిందటి సారి చెప్పినప్పుడు అందులో ఒక రిటైర్డ్ జడ్జి కూడా చేరాడు. వృత్తిలో మరచిపోలేని కేసు ఒకటి రాయండి అని ఒక పత్రికవాళ్ళు అడిగితే ఇదే రాద్దామని కూర్చున్నాను. కానీ నోటితో చెప్పడం వేరు, అచ్చులో పెట్టడం వేరు. చాయ్ దగ్గర అన్న మాట చాయ్‌తో పోతుంది. అచ్చయింది సిద్దిపేటలో కూడా నలుగురు చదువుతారు. అందుకని ముందే ఒక దిద్దుబాటు చేస్తున్నాను. నాకు లాయర్లెవరూ ఫోన్ చేయలేదు. ఒక అమ్మాయి చేసింది. ఎందుకు చేసిందో దాని చోట చెబుతాను. కంపెనీ మాత్రం వణకలేదు.

నాది సివిల్ పని. అన్నదమ్ముల పంపకాలు, హద్దుల తగాదాలు, భూసేకరణ కేసులు. తొగుట దిక్కు రిజర్వాయరు కోసం భూములు తీసుకున్న రోజుల్లో ఎంతోమంది రైతులు కాగితాలు పట్టుకుని నా మెట్లెక్కారు. ఆ కేసుల్లో అన్నిటికంటే ముందు చెప్పేది ఒకటుంది. పరిహారం తీసుకునేటప్పుడు సంతకం కింద 'అండర్ ప్రొటెస్ట్' అని రాయాలి. ఇచ్చింది పుచ్చుకుంటున్నాను గాని, ఇది సరిపోయిందని ఒప్పుకోవడం లేదు అని దానర్థం. ఆ మాట రాయకుండా డబ్బు తీసుకుంటే, తర్వాత ఎక్కువ ఇమ్మని అడిగే దారి మూసుకుపోతుంది. ఆ మాట రాయించి కొందరికి మేలు చేశాను. ఎంతమందికి అంటే బార్ గదిలో చెప్పే లెక్క ఒకటి, ఇంట్లో చెప్పే లెక్క ఒకటి. ఏదైతేనేం, ఎవరు ఏ డబ్బు గురించి వచ్చినా నా నోట మొదట వచ్చే మాట అదే అయిపోయింది. ఊరకే తీసుకోవద్దు, ముందు కాగితం పోవాలె.

స్వరూప మా ఇంట్లో వాళ్ళకు తెలిసిన మనిషి. జాకెట్ల మీద మగ్గం పని చేస్తుంది. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, సూదితో పూసలు, జరీ కుట్టే పని. మా ఆవిడ పట్టుచీరలన్నిటికీ ఆమె చేతి పనే. ఆ సెప్టెంబరులో ఒక పొద్దున, నేను ఇంకా కోటు కూడా వేసుకోకముందే, భర్తను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. భర్త పేరు శ్రీశైలం. ట్రాలీ ఆటో నడుపుతాడు. వచ్చినప్పటి నుంచి తల ఎత్తలేదు.

"ఏందమ్మా, గింత పొద్దుగాల?" అన్నాను.

"ఆయన్నే అడుగుండ్రి సార్. ఇంట్ల నోరిప్పుతలేడు. మీ ముందటనన్న ఇప్పుతడేమో."

శ్రీశైలం చెప్పినదాన్ని వరసగా పేర్చి రాస్తున్నాను. అతను చెప్పింది మాత్రం తలకిందులుగా. పెళ్ళికి ముందు నుంచీ భివండిలో పవర్‌లూమ్‌ల మీద పని చేశాడు. అక్కడ గదిలో ఉన్న వాళ్ళతో కలిసి ఫోన్లో పోకర్ నేర్చుకున్నాడు. ఖాతా అక్కడే తెరిచాడు. ఖాతా తెరిచేటప్పుడు కంపెనీ 'కేవైసీ' అడుగుతుంది, అంటే నువ్వు ఫలానా అని రుజువు. అతని ఆధార్ మీద భివండి అడ్రసే ఉంది కాబట్టి అదే ఎక్కింది. తర్వాత తల్లికి బాగుండక సిద్దిపేట వచ్చేశాడు. తెలంగాణలో ఇట్లాంటి డబ్బు ఆటలు ఎన్నో ఏళ్ళుగా నిషేధం. ఇక్కడ ఫోన్లో తెరిస్తే తెరుచుకోవు. భివండి వేరే రాష్ట్రం, అక్కడ ఆ నిషేధం లేదు. దానికి శ్రీశైలం ఇంకో ఆప్ పెట్టుకున్నాడు. ఆ ఆప్ ఉంటే ఫోన్ ఎక్కడున్నా భివండిలో ఉన్నట్టే చూపిస్తుంది.

"మనిషి గీడ ట్రాలీ నడుపుతడు సార్, ఫోన్ భివండిల పత్తాలాడుతది" అంది స్వరూప. "నాకు గీ రెండో కాపురం సంగతి మొన్న తెలిసింది."

ఆమె నవ్వలేదు. నేను నవ్వబోయి ఆపుకున్నాను.

స్వరూప ఇంకొకరి దుకాణంలో, ఇంకొకరి చట్రం మీద, జాకెట్టుకు ఇంత అని కూలికి పని చేస్తోంది. బట్టల దుకాణాల వీధిలో ఒక మడిగె ఖాళీ అయింది. మా దిక్కు దుకాణం గదిని మడిగె అంటాం. దాని అడ్వాన్సు కోసం, ఒక కుట్టు మిషను కోసం చీటీ ఎత్తింది. డబ్బు భర్త చేతికిచ్చి మడిగె యజమానికి ముట్టజెప్పమంది. శ్రీశైలం ఇచ్చానన్నాడు. ఇవ్వలేదు. రెండింతలు చేసి ఇద్దామని పోకర్ ఖాతాలో వేశాడు. కొంత గెలిచాడు, గెలిచినదాంట్లో కొంత పోగొట్టాడు. అంతలో కేంద్రం కొత్త చట్టం తెచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతటా బంద్. కంపెనీ ఆట ఆపేసి, మీ ఖాతాలో మిగిలిన డబ్బు మీరు తీసుకోవచ్చు అని అందరికీ సందేశం పెట్టింది. అతని ఖాతాలో స్వరూప చీటీ డబ్బు కంటే కొంచెం ఎక్కువే ఇంకా మిగిలి ఉంది. చట్టం ఇంకో వారం ఆలస్యమైతే అదీ ఉండేది కాదని అతనే ఒప్పుకున్నాడు.

మడిగె యజమాని మంచివాడే. బతుకమ్మ పండుగ దాకా ఆగుతానన్నాడు. తర్వాత ఎవరు అడ్వాన్సు ఇస్తే వాళ్ళకే. పండుగ దాటితే లగ్గాల సీజను. మగ్గం పని చేసేవాళ్ళకు ఏడాది సంపాదన అప్పుడే. స్వరూప కోరేది ఇంతే. ఆ సీజనుకు సొంత మడిగెలో, సొంత చట్రం ముందు కూర్చోవాలి.

"బోర్డు మీద నా పేరుండాలె సార్" అంది. "పని నాది, పేరు ఇంకొకలది. పదేండ్ల సంది గిదే నడుస్తుంది."

ఇక కేసులోకి వస్తాను. వాళ్ళు నా దగ్గరికి వచ్చేసరికి విత్‌డ్రాయల్ పెండింగ్‌లో ఉంది. విత్‌డ్రాయల్ అంటే ఆటగాడు ఫోన్లో ఒక బటన్ నొక్కి ఖాతాలోని డబ్బును తన బ్యాంకుకు రప్పించుకోవడం. ఫోన్లో చూస్తే ఖాతాలో ఉన్నది ఒకటి, చేతికి వస్తుందని చూపించేది దానికంటే తక్కువ. మధ్యలో 'టీడీఎస్' అని ఒక కోత. టీడీఎస్ అంటే డబ్బు మన చేతికి రాకముందే ఇచ్చేవాడు పన్ను పట్టుకుని సర్కారుకు కట్టడం. ఆన్‌లైన్ ఆటల్లో నికరంగా గెలిచిన దాని మీద ముప్పై శాతం పడుతుంది. అది ఎట్లా లెక్కగడతారో నాకు ఆనాడు తెలియదు. తెలియదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. మా ఇంటి గల్లీలోనే ఒక పన్నుల లెక్కలు చూసే పిల్లవాడు ఉన్నాడు, అడిగితే చెప్పేవాడు. పడిన కోతలో ఎక్కువైంది తర్వాత రిటర్ను వేసి వాపసు తెచ్చుకోవచ్చని కూడా చెప్పేవాడు. నేను అడగలేదు. అద్దాలు సవరించుకుని, "గిది దోపిడీ. వీళ్ళను ఊకె ఇడ్వద్దు" అన్నాను.

స్వరూప ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. నా వృత్తిలో అన్నిటికంటే ప్రమాదకరమైన క్షణం అదే. క్లయింటు ముఖంలో వెలుగు చూస్తే వకీలుకు తనకు లేని తెలివి కూడా ఉన్నట్టు అనిపిస్తుంది.

ఆటగాళ్ళ డబ్బుకు చట్టం ఇచ్చే రక్షణ ఏమిటని నేను చదవడం మొదలుపెట్టింది ఆ తర్వాత. ముందు చదవాల్సింది. కొన్ని దేశాల్లో ఈ కంపెనీలు ఆటగాళ్ళ డబ్బును తమ సొంత డబ్బుతో కలపకుండా వేరే ఖాతాలో ఉంచాలి. కంపెనీ మునిగినా ఆ డబ్బు మునగకూడదని. ఇక్కడ శ్రీశైలం ఆడిన కంపెనీ కూడా మేమూ అట్లాగే ఉంచుతాం అని తన వెబ్‌సైట్‌లో రాసుకుంది. రాసుకున్నదీ వాళ్ళే, పాటిస్తున్నారో లేదో చూసుకునేదీ వాళ్ళే. ఇక కోర్టుకు పోతే, జూదపు ఒప్పందాన్ని కోర్టు అమలు చేయదు అనే పాత సూత్రం ఒకటి అడ్డం. ఇది జూదం కాదు, నేను దాచుకున్న డబ్బు నాకివ్వండి అని వాదించవచ్చు. కానీ అది వాదన, హామీ కాదు. కొత్త కేంద్ర చట్టం ఆడినవాణ్ణి శిక్షించదు. మన రాష్ట్ర చట్టం దగ్గర మాత్రం ఆడినవాడు కూడా తప్పించుకోలేడు. ఈ ఆఖరి ముక్క నాకు తెలుసు. తెలిసి కూడా నోటీసు రాసేటప్పుడు గుర్తు చేసుకోలేదు.

నోటీసు మూడు పేజీలు, ఇంగ్లీషులో. మొత్తం డబ్బు కోత లేకుండా ఇవ్వాలి, దాని మీద వడ్డీ ఇవ్వాలి, నా క్లయింటు పడిన మనోవేదనకు పరిహారం ఇవ్వాలి, లేకపోతే సివిలుగానూ క్రిమినలుగానూ చర్యలు తీసుకుంటాం. మా గుమాస్తా యాదగిరి నాకంటే రెండేళ్ళు పెద్ద. నాతో పాటే ముసలివాడయ్యాడు. కంప్యూటరు ముందు కూర్చుని, "చెల్లని చెక్కు నోటీసు మీద పేరు మార్చాల్నా, భూమి నోటీసు మీద మార్చాల్నా సార్?" అని అడిగాడు. భూమి నోటీసు మీద మార్చమన్నాను. అది కొంచెం గంభీరంగా ఉంటుంది.

లీగల్ నోటీసు ఎప్పుడూ ఒక్క తీరుగానే మొదలవుతుంది. నా క్లయింటు ఫలానా, ఫలానా వారి కొడుకు, వయసు ఇంత, వృత్తి ఇది, నివాసం ఇంటి నంబరుతో సహా సిద్దిపేట, తెలంగాణ రాష్ట్రం. నలభై ఏళ్ళుగా నేను రాసిన ప్రతి నోటీసు మొదటి వాక్యం ఇదే. చేతికి అలవాటైపోయింది. యాదగిరి చదివి వినిపిస్తుంటే అప్పటిదాకా మాట్లాడని శ్రీశైలం తల ఎత్తాడు.

"సార్, అడ్రసు భివండిది రాస్తె ఎట్లుంటది? కంపెనీల గదే ఉన్నది కద."

నేను కోప్పడ్డాను. "అబద్ధపు అడ్రసు మీద నేను సంతకం పెట్టను. గీ టేబుల్ మీద ఎన్నడు పెట్టలే."

ఈ మాట కూడా బార్ గదిలో చాలాసార్లు చెప్పాను. వినేవాళ్ళు మెచ్చుకున్నారు. నిజానికి అందులో సత్యం మీద ప్రేమ కొంచెమే. ఇన్నేళ్ళ పాత నోటీసును ఒక ట్రాలీ డ్రైవరు దిద్దుతున్నాడే అన్న ఉక్రోషం ఎక్కువ. భివండి అని అబద్ధం రాయనక్కర లేదు, ఖాతా నంబరు మాత్రం వేసి అడ్రసు వదిలేసినా నోటీసు చెల్లేది. అసలు అతను ఎందుకు అడుగుతున్నాడో ఒక్క నిమిషం ఆలోచించినా సరిపోయేది. శ్రీశైలం మళ్ళీ తల దించుకున్నాడు. నోటీసు స్పీడ్ పోస్టులో ఒకటి, కంపెనీలో ఫిర్యాదులు చూసే అధికారికి ఈమెయిల్‌లో ఒకటి పోయాయి. నేను ఫీజు తీసుకోలేదు. ఇది మాత్రం పెంచి చెప్పడం కాదు. టైపింగు, పోస్టు ఖర్చుల కింద యాదగిరి ఏదో తీసుకున్నాడు. ఎంతని నేనడగలేదు. అతనూ చెప్పలేదు.

ఫోన్ చేసిన అమ్మాయి సంగతికి వస్తాను. కోర్టు నుంచి వచ్చి అన్నం తినబోతుంటే ఫోన్ మోగింది. హిందీలో మాట్లాడింది. నాకున్నది సిద్దిపేట ఉర్దూ. మీరేనా ఆ నోటీసు పంపిన వకీలు అంది. నేనే అన్నాను, గొంతు కొంచెం బరువు చేసి. మీ క్లయింటు నోటీసులో రాసిన అడ్రసులోనే ఉంటారా అని అడిగింది. ఉంటాడన్నాను. ఎప్పటి నుంచి అంది. ఆ మాట విని నాకు ఉత్సాహం వచ్చింది. కంపెనీ బెదిరింది, రాజీకి మనిషిని పంపాలని అడ్రసు కనుక్కుంటోంది అనుకున్నాను. మూడేళ్ళ నుంచి నా కళ్ళ ముందే ఉన్నాడు, కావాలంటే నేనే సాక్ష్యం అన్నాను. ఆమె చాలా మర్యాదగా షుక్రియా చెప్పి, ఈ కాల్ రికార్డు అయిందని కూడా చెప్పి పెట్టేసింది.

యాదగిరి టిఫిను డబ్బా మూత పెడుతూ, "గామె బెదిరినట్టు అనిపియ్యలే సార్. రాసుకున్నట్టు అనిపిచ్చింది" అన్నాడు.

నీకు ముసలితనంలో చెవులు మందగించాయి అన్నాను.

జవాబు ఈమెయిల్‌లో వచ్చింది. చిన్నది. మా మూడు పేజీలకు వాళ్ళది ఒక పేజీ కూడా లేదు. మీ నోటీసు ప్రకారమే మీ క్లయింటు నిషేధం ఉన్న రాష్ట్రంలో నివసిస్తున్నాడు. అక్కడి నుంచే, ఉన్న చోటు మరుగుపరచి ఆడాడు. ఇది మా టర్మ్స్ అండ్ కండిషన్స్‌కు విరుద్ధం. అందువల్ల ఖాతా నిలిపివేస్తున్నాం. గెలిచిన డబ్బు, బోనసు రద్దు. సొంతంగా వేసిన డబ్బు విషయం, ఆడిన కాలమంతా నిషేధం లేని రాష్ట్రంలో ఉన్నట్టు రుజువు పంపితే పరిశీలిస్తాం.

టర్మ్స్ అండ్ కండిషన్స్ అంటే ఖాతా తెరిచేటప్పుడు ఎవరూ చదవకుండా 'ఒప్పుకున్నాను' అని నొక్కే నిబంధనలు. శ్రీశైలం చదవలేదు. అతనికి వకీలుగా నిలబడ్డ నేనూ చదవలేదు. నోటీసు పంపిన తర్వాత చదివాను. వాళ్ళు చెప్పిన నిబంధన అందులో ఉంది. చిన్న అక్షరాల్లో కూడా కాదు, మామూలు అక్షరాల్లోనే.

స్వరూప ఆ సాయంత్రమే వచ్చింది. జవాబును తెలుగులో చెప్పాను. చెప్పేటప్పుడు కొన్ని మాటలు మెత్తగా చేశాను. ఆమె అంతా విని ఒకటే అడిగింది. "పండుగ లోపట అస్తయా సార్?"

రావని చెప్పలేకపోయాను. ఇంకా దారులున్నాయన్నాను. భివండిలో ఉన్న దోస్తు ఒకడు అక్కడ ఉంటున్నట్టు పాత తేదీతో కిరాయి కాగితం రాయించి పంపుతాడట, పంపమంటారా అని శ్రీశైలం అడిగాడు. దానికి మాత్రం నేను వద్దన్నాను. ఈ వద్దు నిజాయితీదే. నా గొంతే రికార్డయి ఉండగా ఆ కాగితం పనికి రాదన్నది కూడా నిజమే.

తర్వాత వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేద్దామని రాశాను. సేవలో లోపం జరిగిందని కంపెనీల మీద వేసే ఫిర్యాదు అది. రాస్తూ రాస్తూ వాస్తవాల పేరా దగ్గరికి వచ్చాను. ఎక్కడి నుంచి ఆడాడు, ఎప్పుడు ఆడాడు, ఎట్లా ఆడాడు అన్నీ అక్కడ రాయాలి. మా బార్‌లో క్రిమినల్ కేసులు చూసే మిత్రుడికి చూపించాను. అతను నిలబడే చదివి నా చేతికిచ్చాడు.

"అన్నా, గిది ఫిర్యాదు కాదే. నేరం ఒప్పుకున్న కాయిదం. కింద మీ క్లయింటు సంతకం పెడితే పోలీసోల్లకు పని తక్కువైతది."

ఆ ఫిర్యాదు నా బీరువాలోనే ఉండిపోయింది. కంపెనీకి ఈసారి వినయంగా ఈమెయిల్స్ రాశాను. కనీసం వేసిన డబ్బు ఇవ్వండి, ఆమె చీటీ డబ్బు అది, ఆమెకు ఈ ఆటతో సంబంధం లేదు అని. మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది అని జవాబు వస్తుంది. రాసినప్పుడల్లా అదే జవాబు. మనిషి రాస్తున్నాడో, యంత్రం రాస్తుందో తెలియదు.

బతుకమ్మ నాడు ఆడవాళ్ళు పూలు పేర్చి చెరువు వైపు వెళ్తుంటే నేను ఆ బట్టల దుకాణాల వీధిలోంచి వెళ్ళాల్సి వచ్చింది. మడిగె ఇంకా మూసే ఉంది. యజమాని పండుగ అయ్యాక కూడా నాలుగు రోజులు ఎదురు చూశాడని తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఫోన్ కవర్లు, చార్జర్లు అమ్మే అతనికి ఇచ్చేశాడు. నాకు ఇప్పుడు ఆ వీధిలో పని ఉంటే వెనక గల్లీ నుంచి పోతాను. మా ఆవిడ ఎందుకని అడిగింది. ఎండ అన్నాను.

శ్రీశైలం ట్రాలీ అమ్మి భివండి వెళ్ళిపోయాడు. ఉన్నదంతా ఒక్కచోట పోగొట్టినవాడికి ఇంట్లో కూర్చుని అన్నం తినడం కష్టమైందట. మళ్ళీ పవర్‌లూమ్ పని. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అడ్రసు గురించి తాను అడిగిన సంగతి గుర్తు చేయలేదు. "ఇగ ఆధార్‌ల ఉన్న జాగలనే ఉంట సార్" అన్నాడు. అది ఎత్తిపొడుపేమోనని అతని ముఖంలోకి చూశాను. కాదు. నన్ను ఓదార్చడానికి అన్నాడు.

స్వరూప ఈ లగ్గాల సీజనంతా ఇంకొకరి చట్రం మీదే కుట్టింది. చీటీ వాయిదాలు ఇంకా కడుతోంది. రాని డబ్బుకు నెలనెలా కట్టడం.

ఈ కేసు నాకు నేర్పింది ఏమిటని చాలా ఆలోచించాను. వకీలు రాసే ప్రతి వాక్యాన్నీ అవతలివాడు చదువుతాడు. మనం బలం అనుకుని రాసిన వాక్యంలోనే వాడికి ఆయుధం దొరకవచ్చు. కొత్త రకం తగాదా వచ్చినప్పుడు పాత నోటీసు మీద పేరు మార్చి పంపకూడదు. తెలియని చోట తెలియదు అనాలి. ముఖ్యంగా, క్లయింటు ఎక్కడ ఉంటాడన్న మొదటి వాక్యం రాసేముందు కలం ఆపి ఆలోచించాలి. శ్రీశైలం డబ్బు ఆ ఒక్క అడ్రసు వల్ల పోయింది. చిన్న జూనియర్లకు ఇప్పుడు ఈ సంగతి చెబుతున్నాను, పేర్లు లేకుండా, లాయర్ల ఫోన్లు లేకుండా.

ఇంతవరకు రాసి, ఇది స్వరూప కథ కూడా కదా, ఆమెకు చెప్పకుండా అచ్చుకు ఇవ్వడం బాగుండదని ఆమె పని చేసే దుకాణానికి వెళ్ళాను. ఆమె చట్రం ముందు కింద కూర్చుని ఒక పెళ్ళికూతురి జాకెట్టు చేతుల మీద పూసలు కుడుతోంది. నాకు కుర్చీ వేయించి, "చదువుండ్రి సార్, ఇంటుంట" అంది. చదివాను. ఫోన్లో రెండో కాపురం దగ్గర పక్కన కుట్టే అమ్మాయి నవ్వింది. స్వరూప సూది ఆపలేదు. నేను నన్ను నేను తిట్టుకున్న చోట్ల గొంతు కొంచెం పెంచి చదివాను. అయిపోయాక కాగితాలు మడిచి, పేరు మార్చమంటే మారుస్తానన్నాను.

"పేరు ఉంటె ఉండనియ్యిండ్రి" అంది. దారం పంటితో తెంపి, అప్పుడు చూసింది నా వైపు. "అన్ని మంచిగనే రాసిన్రు సార్. ఒక్కటి తప్పు రాసిన్రు. మేం వచ్చేటప్పటికే పెండింగుల ఉండె అని రాసిన్రు. పెండింగ్ లేదు, ఏం లేదు. మేం ఇంకా నొక్కనే లేదు."

నాకు గుర్తు లేదన్నాను.

"నాకున్నది. ఫోన్ నా చేతిలనే ఉండె. నొక్కాల్నా సార్ అని అడిగిన. కోత పోను వచ్చినయి సాలు, మడిగెకు సరిపోతయి అని గూడ అన్న. మీరు ఫోన్ తీస్కోని బల్ల మీద బోర్ల పెట్టిన్రు. తక్కువ తీస్కుంటె హక్కు పోతది, ముందుగాల కాయిదం పోవాలె అన్నరు. అడ్రసు తోని పోలే సార్. మీరు నన్ను నొక్కనియ్యలే."